వెల్డింగు తెలిసిన ముసలమ్మ

నాట్యశాస్త్రంలో భరతుడు లెక్కగట్టిన ముప్పై మూడు సంచారి భావాల్లో శ్రమ ఒకటి. నిర్వేదం, గ్లాని, శంక, అసూయ, మదం, ఆ వరసలోనే శ్రమ. సంచారి అంటే వచ్చిపోయేది. నాయిక నడిచి అలిసింది, నుదుట చెమట పట్టింది, చెలికత్తె విసనకర్ర అందుకుంది, అంతటితో దాని పని సరి. స్థాయిగా, అంటే రసమయ్యేదాకా కదలకుండా, నిలిచే హక్కు రతికి ఉంది, ఉత్సాహానికి ఉంది, శోకానికి ఉంది. శ్రమకు లేదు. ఆ పట్టిక రాసినవాళ్లు పొద్దున్నే లేచి పాలు పితికి వచ్చి కూర్చున్నవాళ్లు కారు గనక తప్పుపట్టి లాభం లేదు. అయినా 1980లో అమెరికాలో వచ్చిన ఒక అరవై అయిదు నిమిషాల డాక్యుమెంటరీ చూసినప్పుడల్లా నాకు ఆ పట్టికతో పేచీ వస్తుంది.

సినిమా పేరు ‘ది లైఫ్ అండ్ టైమ్స్ ఆఫ్ రోజీ ది రివెటర్’. తీసింది కోనీ ఫీల్డ్. రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్లు సైన్యంలోకి పోతుంటే, ఖాళీ అయిన ఫ్యాక్టరీల్లోకీ ఓడల యార్డుల్లోకీ వచ్చిన ఆడవాళ్ల కథ అది. అయిదుగురు మాట్లాడతారు. బ్రూక్లిన్ నుంచి లోలా వైక్సెల్, డెట్రాయిట్ నుంచి వనీటా ఆలెన్, లాస్ ఏంజెలెస్ నుంచి మార్గరెట్ రైట్, శాన్ ఫ్రాన్సిస్కో ఓడల యార్డు నుంచి లిన్ చైల్డ్స్. అయిదో ఆమె గ్లాడిస్ బెల్చర్. పొలం మీద సంసారం చేసుకుంటూ వచ్చిన మనిషి. కాలిఫోర్నియాలో రిచ్‌మండ్ యార్డులో వెల్డరై, యుద్ధం అయిపోయాక హోటల్ వంటగదిలో తేలింది. మిగిలిన నలుగురూ ఆమె కంటే చురుగ్గా, ఆమె కంటే పదునుగా మాట్లాడతారు. అయినా నా మనసు ఆమె దగ్గరే ఆగిపోతుంది.

ఈ అయిదుగురూ ఎలా దొరికారన్నది కూడా రసానికి సంబంధించిన సంగతే. కోనీ ఫీల్డ్ ఏడు వందల మంది ఆడవాళ్లతో మాట్లాడింది. అందులో రెండు వందల మందిని స్వయంగా కలిసింది. ముప్పై అయిదు మందిని వీడియో తీసింది. చివరికి సినిమా కెమెరా ముందు కూర్చోబెట్టింది అయిదుగురిని. అంతమందిని విని ఇంతమందినే ఉంచుకోవడం చిన్న పని కాదు. పరిశోధకులైతే ఏడు వందల మందినీ గ్రంథంలోకి ఎక్కించేవాళ్లు. ఈమె వాళ్లందరి బతుకూ తెలిసి, ఆ తెలిసినదంతా అయిదు గొంతుల వెనక నిలబెట్టింది. గ్లాడిస్ ఒక చిన్న మాట అంటే దానికి అంత బరువు ఎక్కణ్నించి వచ్చిందా అనిపిస్తుంది. వినిపించని గొంతుల బరువు అది.

ఈ సినిమాకంటూ సొంత వ్యాఖ్యాత లేడు. వినిపించే వ్యాఖ్యానమంతా యుద్ధకాలపు ప్రచార చిత్రాల్లోది, థియేటర్లలో అసలు ఆటకి ముందు వేసే వార్తాచిత్రాల్లోది. నలుపు తెలుపు బొమ్మ, గట్టి మగ గొంతు, ఆ గొంతులో అన్నీ ముందే తెలిసిన ధీమా, వెనకాల బాజా. అమ్మలారా, రండి, ఫ్యాక్టరీ పని మీకు కొత్తేం కాదు అంటుందా గొంతు. డ్రిల్లింగ్ మిషను నడపడం పళ్లరసం తీసే మిషను నడిపినంత తేలికని, గౌను బట్ట కత్తిరించే చేత్తోనే విమానం రేకు కత్తిరించొచ్చని నచ్చజెప్పే రోజులవి. పౌడరు చెదరకుండా, జుట్టు ముడి జారకుండా, తెల్లటి పళ్లతో నవ్వుతూ అమ్మాయిలు బిరబిరా పని చేసుకుపోతుంటారు. ఆ రీలు తెగుతుంది. రంగుల్లోకి వస్తాం. అరవై దాటిన ముఖం ఒకటి మనకేసి తిరిగి తన సంగతి చెప్పడం మొదలెడుతుంది.

కోనీ ఫీల్డ్ ప్రతిభంతా ఈ అతుకులోనే ఉంది. ముసలామె వార్తాచిత్రాన్ని ఖండించదు. తన మాటకి ముందు దాన్ని వేస్తారని కూడా ఆమె ఎరగదు. ఆమె మానాన ఆమె చెప్పుకుపోతుంది. ఖండన జరిగేది మన లోపల. ఆనందవర్ధనుడు వ్యంగ్యార్థం గురించి అంత గ్రంథం రాశాడు గానీ, రెండు బొమ్మల మధ్య, రెండింట్లోనూ లేని అర్థం ఇలా పుట్టడం చూస్తే ముచ్చటపడేవాడు. మొదట మనకి నవ్వొస్తుంది. భరతుడు చెప్పిన ఆరు రకాల్లో అది స్మితం, పళ్లు కనపడని నవ్వు. నాలుగైదుసార్లు అలా నవ్వాక, ఆ మగ గొంతు మళ్లీ వినిపించగానే నవ్వు రాదు. హాస్యం ఎప్పుడు వెనక్కి తగ్గిందో, ఎప్పుడు కరుణ వచ్చి దాని చోట కూర్చుందో చూసేవాడికి తెలియదు. పాత్రలెవరూ కళ్లు తుడుచుకోకుండా కరుణని తీసుకొచ్చిన సినిమాలు నేను చూసినవి తక్కువ.

ఇప్పుడు పొలం సంగతి. వార్తాచిత్రం ఊహించుకున్న ఆడమనిషి సోఫాలోంచి లేచి వచ్చిన మనిషి. ఆమె చేతులకు పళ్లరసం మిషను తప్ప మరోటి తెలియదు. గ్లాడిస్ లాంటి రైతు భార్యని ఆ చిత్రం తీసినవాళ్లు ఎన్నడూ చూసి ఉండరు. 1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం పల్లెలకి కరెంటు ఇవ్వడానికి ఓ సంస్థ పెట్టే నాటికి అమెరికాలో పదింట ఒక పొలానికే కరెంటు ఉంది. మిగతా తొమ్మిదిళ్లలో నీళ్లు బావిలోంచి తోడుకోవాల్సిందే, పొయ్యిలోకి కట్టెలు కొట్టుకోవాల్సిందే. బట్టల రోజున నీళ్లు మోసి, కాచి, గరుకు పలక మీద రుద్ది, పిండి ఆరేసే సరికి నడుం విరిగేది. తెల్లారకముందే పాలు పితకాలి. వెన్న చిలకాలి. కోళ్లు, పందులు. వేసవి ముగిసే రోజుల్లో తోటలో కాసిన కాయాపండూ సీసాల్లో పెట్టి, ఆ సీసాలు మరిగే నీళ్లలో ఉడికించి, చలికాలానికి దాచాలి. గుడ్లూ వెన్నా అమ్మగా వచ్చిన డబ్బు ఇల్లాలిది. ఆ డబ్బుతోనే ఉప్పూ పంచదారా చెప్పులూ వచ్చేవి. కోతల రోజుల్లో మగవాళ్లతో సమానంగా చేలోకి దిగాలి, మధ్యలో వచ్చి వాళ్లందరికీ వండిపెట్టాలి.

ఇదంతా చేసినామె ఉద్యోగం ఏమిటి? ఏమీ లేదు. 1940 జనాభా లెక్కలప్పుడు ఇంటి పనినీ, పొలం మీద చిల్లర చాకిరీనీ ఉద్యోగంగా రాయొద్దనే సూచన ఉంది. అంటే సర్కారు కాగితం మీద ఆమె ఖాళీగా ఉన్న మనిషి. రెండేళ్ల తర్వాత అదే సర్కారు, ఇన్నాళ్లూ ఖాళీగా కూర్చున్నావు, దేశం కోసం కాస్త చెయ్యి కదపమ్మా అని పోస్టర్లు అంటించింది. గ్లాడిస్ తన పాత రోజుల గురించి చెప్పే తీరు చూడాలి. నిదానంగా, పల్లెటూరి యాసలో, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెబుతుంది. కష్టపడ్డామన్న గొప్ప లేదు, పడ్డామే అన్న ఏడుపూ లేదు. పొలం పని తర్వాత ఫ్యాక్టరీ పని ఆమెకు పెద్ద దూకుడేమీ కాదు. ఆమె బతుకులో మొదటిసారిగా జరిగింది ఒకటే. ఆమె చేసిన పనిని ఒకరు గంటల్లో లెక్కగట్టి, వారం తిరిగేసరికి డబ్బు చేతిలో పెట్టారు.

వెల్డింగు ఆమె నేర్చుకున్న విద్య. ఆ విద్య సంగతి కొంచెం తెలిస్తే గాని ఆమె ముఖంలో వెలుగు అర్థం కాదు. పాతకాలంలో ఓడ రేకుల్ని రివెట్లు కొట్టి కలిపేవాళ్లు. ఒక్క రివెట్టుకి నలుగురైదుగురి జట్టు కావాలి, ఆ జట్టు కుదరడానికి ఏళ్లు పట్టేది. వెల్డింగుకి ఒక మనిషి, ఒక కరెంటు తీగ, ఒక రాడ్డు చాలు. కొద్ది వారాల శిక్షణతో మనిషిని పనిలో దింపొచ్చు. పొలాల నుంచి, వంటిళ్ల నుంచి వచ్చినవాళ్లకి ఆ యార్డుల్లో చోటు దొరకడానికి అసలు కారణం ఇదే. మహిళాభ్యుదయం మీద పుట్టిన ప్రేమ కాదు.

పని ఇలా ఉంటుంది. ముఖానికి నల్లద్దం తొడుగు. అది దించగానే లోకం మొత్తం చీకటి, ఎదురుగా ఉన్న ఇనుము కూడా కనపడదు. ఆ చీకట్లో రాడ్డు కొసని ఇనుముకి అగ్గిపుల్ల గీసినట్టు తాకించాలి. ఎక్కువ ఆనిస్తే అతుక్కుపోతుంది, ఎక్కువ ఎత్తితే ఆరిపోతుంది. మధ్యలో ఎక్కడో, రాడ్డు మందమంత ఎడంలో, నీలంగా తెల్లగా ఒక వెలుగు నిలబడుతుంది. దాని కింద ఇనుము కరిగి చిన్న మడుగు కడుతుంది. కళ్లు వెలుగు మీద కాదు, ఆ మడుగు మీద ఉంచాలి. దాన్ని తొందరపెట్టకుండా, తాత్సారం చేయకుండా లాక్కుపోవాలి. రాడ్డు కరిగిపోతూ పొట్టి అవుతుంటుంది గనక చెయ్యి ముందుకి పోతూనే కిందికీ దిగాలి. చప్పుడును బట్టి పని కుదిరిందో లేదో తెలుస్తుంది. సరిగ్గా పడుతుంటే బాణలి నూనెలో ఏదో సమంగా వేగుతున్న చప్పుడు వస్తుంది. ఈ పోలిక నాది కాదు, ఆ పని నేర్పేవాళ్లు ఇప్పటికీ చెప్పేదే. చల్లారాక పైన నల్లటి పొర కడుతుంది. చిన్న సుత్తితో తడితే అది పెళ్లలుగా రాలి, అడుగున సన్నటి అలలు అలలుగా మెరిసే గీత బయటపడుతుంది.

ఆ గీత బయటపడే క్షణం ఉంది చూడండి. వెల్డరు తన పనిని మొదటిసారి చూసుకునేది అప్పుడే. చేస్తున్నంతసేపూ చీకట్లో మడుగు తప్ప మరోటి కనపడలేదు. బల్లపరుపుగా ఉన్నదాని మీద వేయడం తేలిక. నిటారు గోడ మీద వేయడం కష్టం, కరిగిన ఇనుము జారిపోతుంటుంది. తల మీద ఉన్న రేకుకి వేయడం అన్నిటికన్నా కష్టం. రవ్వలు మెడ మీదా, తోలు కోటు సందుల్లోంచి లోపలికీ పడుతుంటే చెయ్యి వణక్కూడదు. ఈ మూడు రకాలూ వచ్చినవాళ్లకే పూర్తి వెల్డరన్న పేరు. పొలం నుంచి వచ్చినామె ఆ పేరు తెచ్చుకుంది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతులో దేశం లేదు, జెండా లేదు, హిట్లరు లేడు. తనకొచ్చిన పని గురించి పనిమంతురాలు చెప్పుకునే తృప్తి ఒక్కటే ఉంది. ఇంతసేపూ పొలం కష్టాన్ని మామూలుగా చెప్పుకొచ్చిన మనిషే, వెల్డింగు మాట రాగానే కాస్త నిటారైనట్టు నాకనిపిస్తుంది. ఆ నిటారుతనం కోసమే ఈ సినిమాకి మళ్లీ మళ్లీ వెళ్తాను.

ఆ పని ఎంత పెద్ద దాంట్లో భాగమో కూడా చెప్పాలి. హెన్రీ కైజర్ రిచ్‌మండులో కట్టిన నాలుగు యార్డులూ కలిసి యుద్ధం ముగిసేలోగా 747 ఓడలు తయారు చేశాయి. 1942 నవంబరులో ‘రాబర్ట్ ఇ. పియరీ’ అనే లిబర్టీ రకం సరుకుల ఓడని 4 రోజుల 15 గంటల పైచిలుకులో నిలబెట్టి నీళ్లలోకి వదిలారు. మనకి పోలిక కావాలంటే విశాఖ ఉంది. అక్కడ ఓడల యార్డుకి 1941 జూన్‌లో శంకుస్థాపన జరిగింది, మధ్యలో 1942 ఏప్రిల్‌లో జపాను బాంబులు పడ్డాయి, మొదటి ఓడ ‘జల ఉష’ సముద్రం చూసింది 1948 మార్చిలో. రిచ్‌మండ్ వేగం వెనక ఒక యుక్తి ఉంది. ఓడని ముక్కలు ముక్కలుగా వేరేచోట కట్టి, క్రేన్లతో తెచ్చి కలిపేవాళ్లు. పై గదుల్ని తలకిందులుగా పెట్టి కట్టేవాళ్లు, తల మీద చేయాల్సిన వెల్డింగు బల్లపరుపు వెల్డింగు అయ్యేలా. పాతిక వేల మంది కూడా లేని ఊరు కొద్ది ఏళ్లలో లక్షకి చేరింది. మంచాలు చాలక, ఒక షిఫ్టువాడు లేచిన మంచం మీద ఇంకో షిఫ్టువాడు పడుకునేవాడు. డొరొతియా లాంజ్ ఆ రోజుల్లో ఇక్కడే షిఫ్టు వదిలే వేళకి ఫొటోలు తీసింది. హెల్మెట్ల కింద ముఖాలు ఒక్కొక్కటీ ఒక్కో వైపు చూస్తుంటాయి. పోస్టర్లో ఉన్న ముఖాలు మాత్రం అన్నీ ఒకే వైపు చూస్తాయి.

ఇంకొక్క సంగతి చెప్పి ఓడలు వదిలేస్తాను. ఆ వెల్డింగు ఓడల్లో కొన్ని చలి సముద్రాల్లో పెళుక్కున విరిగాయి. పోర్ట్‌లండులో 1943 జనవరిలో ‘షెనెక్టడీ’ అనే ట్యాంకరు రేవులో కట్టేసి ఉండగానే రెండుగా చీలింది. మొదట అందరి వేళ్లూ వెల్డింగు వైపే తిరిగాయి. కేంబ్రిడ్జిలో లోహాల మీద పని చేస్తున్న కాన్‌స్టెన్స్ టిప్పర్ పరీక్షించి, అసలు లోపం ఉక్కులో ఉందని, చలిలో అది పెళుసుబారుతోందని తేల్చింది. వెల్డర్ల చేతిని నిర్దోషిగా నిలబెట్టినదీ ఆడమనిషే.

మళ్లీ రసం దగ్గరికి వద్దాం. ప్రచార చిత్రాల రసం వీరం. దాంట్లో సందేహం లేదు. దానికి కావలసిన సామగ్రి అంతా సర్దిపెట్టుకున్నారు. ఎదురుగా శత్రువు, వెనక జెండా, ఉద్దీపనానికి, యుద్ధపు పనిలోకి దిగిన ఆడమనిషికి రోజీ అని పేరు పెట్టిన పాట. ఆ పాట 1943లో ఊరూరా మోగింది. అదే ఏడాది మే 29న నార్మన్ రాక్‌వెల్ రోజీని ‘సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్’ అట్ట మీద కూర్చోబెట్టాడు. మైకెలాంజిలో గీసిన యెషయా ప్రవక్త భంగిమ, ఒడిలో రివెట్ గన్ను, చేతిలో సాండ్‌విచ్, కాళ్ల కింద హిట్లర్ పుస్తకం. అట్టబొమ్మల్లో అది గొప్ప బొమ్మే, కాదనను. కానీ దాంట్లో ఉత్సాహం బయటి నుంచి పోసింది. శత్రువు పోతే ఉత్సాహం పోతుంది. 1945లో పోయింది కూడా.

గ్లాడిస్ ఉత్సాహానికి శత్రువు అక్కర్లేదు. వీరాన్ని భరతుడు మూడు రకాలన్నాడు, దానవీరం, ధర్మవీరం, యుద్ధవీరం. సాహిత్యదర్పణం రాసిన విశ్వనాథ కవిరాజు (మన విశ్వనాథ కాదు, పద్నాలుగో శతాబ్దపు కళింగం వాడు) దయావీరం కలిపి నాలుగు చేశాడు. ఇనుము తన చేతి కింద చెప్పినట్టు కరిగి, చెప్పినచోట గడ్డకట్టినప్పుడు పుట్టే ఉత్సాహం ఈ నాలుగింట్లో దేనిలో ఇముడుతుంది? శ్రమవీరమని అయిదోది చేర్చి సరిపెట్టుకోవచ్చు. నాకది చాలదు. ఈ సినిమాలో శ్రమే స్థాయి. పొలంలో ఉంది, యార్డులో ఉంది, వంటగదిలో ఉంది, చివరిదాకా కదలకుండా ఉంది. దాని మీద నుంచి యుద్ధం వచ్చిపోయింది. దేశభక్తి వచ్చిపోయింది, పాట వచ్చిపోయింది. సంచారులు అవి. కోనీ ఫీల్డ్ భరతుణ్ని చదివి ఉండదు గానీ, పట్టికని తిరగేసి చూపించింది మాత్రం ఆమే.

మిగతావాళ్ల గురించి నాలుగు మాటలు. వనీటా, మార్గరెట్, లిన్ నల్లజాతి ఆడవాళ్లు. వాళ్లకి ఫ్యాక్టరీ పనిలోకి రావడమంటే పరాయి ఇళ్ల చాకిరీ లాంటి బతుకు నుంచి బయటపడటం. అక్కడా వివక్ష కాచుకునే ఉంది. ఓడల యార్డుల్లో బాయిలర్‌మేకర్ల యూనియన్ నల్లవాళ్లని తనలో చేర్చుకోకుండా విడిగా అనుబంధ శాఖల్లో పెట్టింది. లిన్ చైల్డ్స్ చెప్పే ఘట్టం ఒకటి మొత్తం సినిమాలో రౌద్రం భగ్గుమనే ఒకే ఒక్క చోటు. ఓడ లోపల ఒక ఫిలిప్పీన్స్ కార్మికుణ్ని తెల్ల అధికారి ఒకడు హింసిస్తుంటే ఆమె చేతిలో టార్చి మంట పెద్దది చేసి వాడి మీదికి వెళ్లింది. పైవాళ్లు పిలిచి నువ్వు కమ్యూనిస్టువన్నారు. తోటి మనిషి వైపు నిలబడటమే కమ్యూనిజమైతే నేను అదేనని తేల్చి చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె కోపాన్ని నటించదు, గుర్తు చేసుకుంటుంది. కోపం ముప్పై అయిదేళ్లు నిలవ ఉన్నా వేడి తగ్గలేదు. సినిమాలో నాటకీయంగా అంతకు మించిన చోటు లేదు. ఎడిటరు అక్కడ ఏ పాత రీలూ అతికించి చెడగొట్టకపోవడం నాకు మెచ్చుకోదగ్గ నిగ్రహంగా తోస్తుంది.

లోపాలు లేవనను. అయిదుగురూ సంఘం సంగతి, యూనియన్ సంగతి బాగా ఎరిగినవాళ్లు. యుద్ధం అవగానే సంతోషంగా ఇంటికి పోయినవాళ్లూ ఉన్నారు, ఆ పనీ ఆ పొగా వద్దనుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల గొంతు ఒక్కటి ఉంటే ఈ సినిమా వాదం బలహీనపడేది కాదు, రసం చిక్కబడేది. ఒకటి రెండు చోట్ల పాత రీళ్లని మనం నవ్వాలనే ఉద్దేశంతో వేసినట్టు తెలిసిపోతుంది. సహృదయుడికి అది చిన్న అవమానం. తానే నవ్వుకునేవాడు, మోచేత్తో పొడవక్కర్లేదు.

చూస్తున్నంతసేపూ నాకు మన పుస్తకం ఒకటి పక్కనే ఉన్నట్టుంటుంది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ సాయుధ పోరాటంలో పని చేసిన ఆడవాళ్లని ఇన్నేళ్ల తర్వాత వెతికి, కూర్చోబెట్టి, వాళ్ల మాటల్లోనే రాసుకున్న పుస్తకం. కాలం దాదాపు ఒకటే, 1940లు. విన్న కాలమూ దాదాపు ఒకటే. అక్కడ యుద్ధం ఆగింది, ఇక్కడ 1951లో పోరాటం ఆగింది. తుపాకీ పట్టినవాళ్లకీ, వెల్డింగు రాడ్డు పట్టినవాళ్లకీ దక్కిన సలహా ఒకటే, ఇక ఇళ్లకి పోయి సంసారాలు చూసుకోండమ్మా అని. రెండింట్లోనూ నన్ను పట్టేది ముసలితనపు గొంతులో ఉన్న ఆ తీరుబాటు. ఎవరూ అడగలేదు గనక ఇన్నాళ్లూ చెప్పలేదు, అడిగారు గనక చెబుతున్నామనే తీరు.

యుద్ధం ముగిసే ముందు అమెరికా కార్మిక శాఖ మహిళా విభాగం పది యుద్ధ పారిశ్రామిక ప్రాంతాల్లో ఆడవాళ్లని అడిగింది. నూటికి డెబ్బై అయిదు మంది పని మానబోమన్నారు. పని మాత్రం వాళ్లని మానేసింది. వార్తాచిత్రాల గొంతు కూడా మారింది. నిన్న ఆడవాళ్లని మిషను దగ్గరికి రమ్మన్న గొంతే ఇవాళ పిల్లలు పాడైపోతున్నారని, ఇల్లు బోసిపోయిందని, మొగుడికి వేడివేడిగా వండిపెట్టడంలోనే ఆడజన్మకి సార్థకత అని అందుకుంది. ఆ చిత్రాల్లో వంటిళ్లు తళతళలాడుతుంటాయి, తెల్లటి ఫ్రిజ్జు తలుపు తెరుస్తూ ఇల్లాలు నవ్వుతుంటుంది.

ఇక్కడే సినిమా గ్లాడిస్ కథతో తన గొప్ప దెబ్బ కొడుతుంది. చేతిలో విద్య ఉంది, పని కావాలి. వెల్డింగు పని ఆడవాళ్లకి ఇవ్వం అన్నారు. ఆమె వంటింటికే వెళ్లింది, దేశం కోరినట్టే. కాకపోతే సొంత వంటింటికి కాదు. హోటల్ వంటగదికి, కూలికి. ఆ పని వెల్డింగు కంటే బరువు, వెల్డింగు కంటే వేడి, జీతం చూస్తే దానికన్నా ఎంతో తక్కువ అని ఆమె చెబుతుంది. ఓడ రేకు ఆడవాళ్లకి బరువన్న లోకం, నిండు గంగాళాలు వాళ్లకి బరువని ఎందుకు అనుకోదో ఆమె అడగదు. అడిగినట్టు మనకే వినిపిస్తుంది.

పోస్టర్లకి ముసలితనం రాదు. ఇవాళ అందరూ టీషర్టుల మీద వేసుకునే, తెల్ల చుక్కల ఎర్ర తలగుడ్డ బొమ్మని జె. హోవార్డ్ మిల్లర్ 1943లో వెస్టింగ్‌హౌస్ కంపెనీ కోసం గీశాడు. ఆ కంపెనీ ఫ్యాక్టరీ గోడల మీద రెండు వారాలుండి పోయిన బొమ్మ అది. అప్పట్లో దాన్ని ఎవరూ రోజీ అనలేదు. దానికి పేరు వచ్చింది 1980ల్లో, అంటే ఈ సినిమా తర్వాత. బొమ్మ అప్పుడు యవ్వనంలోకి వచ్చింది, ఆ పని నిజంగా చేసినవాళ్లు ముసలితనంలోకి వచ్చారు. రిచ్‌మండులో ఆ యార్డుల చోట 2000లో స్మారకం కట్టారు, లిబర్టీ ఓడ ఎంత పొడుగో నడిచే బాట అంత పొడుగు, 441 అడుగులు. 2024 ఏప్రిల్‌లో రోజీలకి అమెరికా కాంగ్రెస్ బంగారు పతకం ఇచ్చింది. అందుకోవడానికి వచ్చినవాళ్లు పండు ముసలమ్మలు. ఆలస్యమైనా ఇచ్చారు, మంచిదే. కానీ పతకం మళ్లీ యుద్ధవీరానికే. యుద్ధానికి ముందు పొలంలో చేసినదానికీ, తర్వాత హోటల్లో చేసినదానికీ పతకం లేదు.

ఈ సినిమా చూసినవాళ్లంతా చెప్పుకునేది లోలా వైక్సెల్ గేటు గురించి. తనకొచ్చిన వెల్డింగుతో అందమైన నగిషీ గేటు ఒకటి చేయాలని ఉండేదని, అదేమంత పెద్ద కోరికని ఆమె అంటుంది. కళ్లు చెమర్చే మాటే, ఒప్పుకుంటాను. కానీ గేటు ఒక ప్రతీక, తీసుకుని జేబులో వేసుకునేంత తయారుగా ఉంటుంది. విమర్శకులకి అలాంటివి ఇష్టం. గ్లాడిస్ వంటగది అలా జేబులో పట్టదు. దానిలో తీరని కోరిక లేదు, చేసి తీరిన పని ఉంది, సంవత్సరాల తరబడి. మూడు రకాల వెల్డింగూ వచ్చిన చేతులు అన్నేళ్లు గిన్నెలెత్తాయన్నది వట్టి సమాచారం, దాంట్లో అలంకారం ఏమీ లేదు. ఆమె కూడా దాన్ని సమాచారంగానే చెప్పి పక్క మాటలోకి వెళ్లిపోతుంది. ఇద్దరిలో ఎవరి దగ్గర కరుణ లోతని నన్నడిగితే గ్లాడిస్ దగ్గరే అంటాను. గేటు వైపు ఓటేసిన మిత్రులతో ఈ తగువు ఇంకా తెగలేదు.